‘తిక్కయ్యోరు’ అని అచ్చులో వేయవచ్చునా?

పెన్నేటిగట్టు (ప్రశ్న):

తాడిపత్రి దగ్గరి ఒక పల్లెలో మేము చదువుకున్న ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థులందరం కలిసి వచ్చే సంక్రాంతికి ఒక సంచిక తెస్తున్నాము. అందులో మా లెక్కల ఉపాధ్యాయుడి గురించి రాసే పని నా మీద పడింది. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో కనిపించేదే తప్ప ఎవరి నోటా వినిపించేది కాదు. పిల్లలు, పిల్లల తల్లిదండ్రులు, చివరికి గంట కొట్టే అటెండరు కూడా ఆయనను ‘తిక్కయ్యోరు’ అనే అనేవారు. మా వైపు ఉపాధ్యాయుడిని అయ్యవారు అంటారు, మాటల్లో అది అయ్యోరు అవుతుంది కనుక, తిక్క అయ్యవారు అన్నమాట.

ఆ పేరు ఊరికే రాలేదు. ఉదయం తన ఊరి నుంచి బడికి మూడు మైళ్లు సైకిలు తొక్కుకుంటూ వచ్చేవారు, సాయంత్రం మాత్రం అదే సైకిలును పక్కన నడిపించుకుంటూ ఇంటికి వెళ్లేవారు. ఎందుకని ఎవరైనా అడిగితే, “పొద్దన్నే అది నన్ను మోసుకొచ్చింది గదా, ఎద్దుకైనా ఒక పూట విడుపుండాల గదా” అనేవారు. పరీక్షలో జవాబు తప్పినా, లెక్క చేసిన దారి తాను చెప్పని కొత్త దారి అయితే పదికి పదకొండు మార్కులు వేసేవారు. ఆ పదకొండవ మార్కును ఎక్కడ కలపాలో తెలియక ప్రధానోపాధ్యాయుడు తల పట్టుకునేవారు.

వ్యాసానికి ‘మా తిక్కయ్యోరు’ అని పేరు పెట్టి పంపాను. ప్రూఫులు చూస్తున్న మా సహాధ్యాయిని భర్త తెనాలి వారు. పోయిన పెద్దాయనను తిక్కవాడని అచ్చు వేయడం మర్యాద కాదనీ, కుటుంబం నొచ్చుకుంటుందనీ, ‘విలక్షణ వ్యక్తిత్వం గల ఉపాధ్యాయుడు’ అని మార్చితే బాగుంటుందనీ రాశారు. ఆయన సూచించినట్లే మార్చి చదువుకున్నాను. వ్యాసంలో ఉపాధ్యాయుడు మిగిలారు గానీ మా అయ్యోరు లేరు. ఇంతకీ తిక్క అనే మాట తిట్టేనా? ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క బరువుతో పలుకుతుందా? గౌరవం చెడకుండా అదే భావాన్ని చెప్పే మాట ఇంకొకటి ఉన్నదా? తెలిసినవారు చెప్పగలరు.

—

బడిపలక (జవాబు):

నేను కడప జిల్లాలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఈ మాటను తిట్టుగానూ, ముద్దుగానూ, ఒకే రోజు ఒకే నోటి నుంచి విన్నవాడిని కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా, మన భాషలో తిక్క అనేది మనిషికి పెట్టే పేరు కాదు, మనిషిలో ఉండే ఒక గుణానికి పేరు. దానితో వచ్చే క్రియలను గమనించండి. తిక్క పుడుతుంది, రేగుతుంది, లేస్తుంది, వదులుతుంది, కుదురుతుంది. అంటే అది వచ్చి పోయేది, కాసేపు ఉండేది, ఒక్కోసారి ఎదుటివాడి చేత వదిలించబడేది. ‘వాడి తిక్క కుదిరింది’ అన్నప్పుడు కుదరడం అంటే నయం కావడం. ‘వాడి రోగం కుదిరింది’ అనే మాటలో ఉన్నదీ ఆ కుదరడమే. రెండు చోట్లా మాట్లాడేవాడు వైద్యుడి వేషం వేసుకున్న ప్రత్యర్థి. కాబట్టి మీ వ్యాసంలో ఎక్కడైనా ‘తిక్క కుదిరింది’ అనే ప్రయోగం ఉంటే దానిని మాత్రం తీసివేయండి, ఎందుకంటే అది వింత మనిషి మీద మమకారంతో అనే మాట కాదు, అతడు ఓడిపోయినందుకు సంతోషించే మాట.

ఇక దీని చుట్టుపక్కల మాటలతో పోల్చి చూద్దాము. పిచ్చికి ఒక విషయం కావాలి. సినిమా పిచ్చి, పుస్తకాల పిచ్చి, డబ్బు పిచ్చి అంటాము, కానీ సినిమా తిక్క అని ఎవరూ అనరు. తిక్కకు విషయంతో పని లేదు, అది పని చేసే తీరులో ఉంటుంది. అందుకే తిక్క ప్రశ్న, తిక్క సమాధానం, తిక్క వేషాలు అంటాము. వెర్రి అనే మాటలో అమాయకత్వం పాలు ఎక్కువ, వెర్రిబాగులవాడు అంటే లోకం తెలియనివాడే తప్ప లోకాన్ని ధిక్కరించేవాడు కాడు. తింగరితనంలో తెలివి లోపిస్తుంది. తిక్క ఉన్నవాడికి మాత్రం తెలివి లోపించినట్టు ఎవరూ అనుకోరు, అతడి తెలివి అందరూ నడిచే బాటలో నడవదని మాత్రమే అనుకుంటారు. పదకొండు మార్కులు వేసిన మనిషిని తింగరి అంటే నాకు తప్పుగా తోస్తుంది, తిక్క అంటే సరిగ్గా సరిపోయిందనిపిస్తుంది.

అసలు విషయం, నా దృష్టిలో, ఆ మాట తోకలో ఉంది. ‘ఆయన కొంచెం తిక్క మనిషండీ’ అని ఇంటి యజమాని గురించి ఎదురింటివారితో చెప్పవచ్చు, వినేవారు నవ్వుతారు, ఎవరి గౌరవానికీ లోటు రాదు. మా సీమలో పొట్టాయన, పెద్దాయన అన్నట్టుగానే తిక్కాయన అంటారు, ఆడవారైతే తిక్కామె అంటారు. తిక్కోడు అంటే చనువు ఉండాలి, మనవడిని అవ్వ అనవచ్చు గానీ మామను అల్లుడు అనకూడదు. తిక్కలోడు దానికంటే ఒక మెట్టు కింద. తిక్క సన్నాసి అంటే తిట్టే, అందులో సందేహం లేదు. ఈ మెట్లన్నింటిలోనూ తిక్క మారలేదు, దాని వెనక చేరిన మాట మారింది. మీ ఊరివారు వెనక చేర్చినది అయ్యవారు అనే మాటను. ముందు సగంలో చనువు, వెనక సగంలో గౌరవం ఉన్న ఆ పేరును తెనాలి మిత్రులు తిక్కవాడు అని చదువుకున్నారు, మీ ఊళ్లో ఏ ఒక్కరూ అనని మాట అది. ఆయన అభ్యంతరం తాను చదివిన మాట మీదే గానీ మీరు రాసిన మాట మీద కాదు.

తెరమీద సంగతి కూడా ఒకటి గుర్తు చేస్తాను. ఎన్.టి. రామారావు గారు 1953లో ‘పిచ్చి పుల్లయ్య’లోనూ, 1968లో ‘తిక్క శంకరయ్య’లోనూ నటించారు. ఆ రెండు పేర్లూ గోడల మీద పెద్ద అక్షరాలతో అంటించారు, చదివినవారికి పుల్లయ్య మీదా శంకరయ్య మీదా ముందే కొంత ఇష్టం కలిగిందే తప్ప తిట్టు విన్నట్టు అనిపించలేదు. పేరుకు ముందు తిక్కను పెట్టి, వెనక ‘అయ్య’ను ఉంచడం మన పల్లెల పాత అలవాటు.

—

లంకపల్లె (జవాబు):

బడిపలక గారి వివరణ చదివి చాలా నేర్చుకున్నాను, అయినా తెనాలి వారి పక్షాన ఒక మాట చెప్పవలసి ఉంది. మాది కోనసీమ. మా ఇంట్లో తిక్క అనే మాట వినిపించిందంటే దాని వెనక కోపం ఉన్నదని అర్థం. “నాన్నగారికి తిక్క రేగింది, ఇప్పుడు ఎదురు పడకు” అని మా అమ్మ వంటింట్లోంచి చేసే సైగ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఆయనకు తిక్క రేగితే కంచం ముందు నుంచి లేచిపోయేవారు, పప్పులో ఉప్పు ఎక్కువైనందుకు కాదు, ఎక్కువైందని తాను చెప్పకముందే ఇంకొకరు చెప్పినందుకు. కనుక మా వైపు పాఠకుడు ‘తిక్క మాస్టారు’ అని చదివితే ముందుగా బెత్తం గుర్తుకు వస్తుంది. సైకిలును నడిపించుకుంటూ వెళ్లే మెత్తని మనిషి గుర్తుకు రాడు.

అటువంటి మెత్తని వింతదనానికి, ముఖ్యంగా పెద్దవారి విషయంలో, మేము చాదస్తం అంటాము. ‘మా తాతగారిది కాస్త చాదస్తం’ అని ఆయన ఎదుటే అనవచ్చు, ఆయన కూడా నవ్వుతారు. వేదం చదువుకున్న ఛాందసుడి నుంచి వచ్చిన మాట కనుక దానిలో చదువు వాసన కూడా ఉంటుంది. ‘మా చాదస్తపు మాస్టారు’ అని పెడితే కుటుంబమూ నొచ్చుకోదు, రెండు ప్రాంతాలవారికీ అర్థమవుతుంది కదా?

—

బడిపలక (జవాబు):

లంకపల్లె గారూ, కోపం సంగతి మీరు చెప్పింది నిజమే, ‘రేగు’ అనే క్రియ చేరినప్పుడు మా వైపూ తిక్కలో కోపమే ఉంటుంది. కానీ చాదస్తం విషయంలో నేను ఒప్పుకోలేను. చాదస్తం ఉన్నవాడు అందరికీ ఉన్న నియమాన్నే అందరికంటే గట్టిగా పట్టుకుంటాడు. మడి, ఆచారం, ముహూర్తం, గళ్ల నోటుపుస్తకంలో గడికొక అంకె, ఇవన్నీ ఇతరులు పెట్టిన నియమాలే. తిక్క ఉన్నవాడు తన నియమం తానే పెట్టుకుని, దానిని తానొక్కడే పాటిస్తాడు. సైకిలుకు ఒక పూట విడుపు ఇవ్వాలని ఏ శాస్త్రంలో ఉంది? ఆయనది చాదస్తమే అయితే పదికి పది మాత్రమే వేసేవారు, అది కూడా అడ్డగీతలు సరిగ్గా కొట్టినప్పుడే.

—

చార్మినార్ నీడ (జవాబు):

హైదరాబాదు నుంచి రాస్తున్నాను. మా గల్లీలో ఇటువంటి మనిషిని పాగల్ అంటారు, స్నేహితుల మధ్య అది దాదాపు పిలుపు మాట. కిరాక్ అనే మాట ఇంకా విచిత్రమైనది. వాడు కిరాక్ గాడు అంటే వింత మనిషి అని చెప్పవచ్చు, బిర్యానీ కిరాక్ ఉంది అంటే అద్భుతంగా ఉన్నదని అర్థం. ఇటువంటి ప్రయాణమే తిక్క కూడా మొదలుపెట్టిందని నాకు అనిపిస్తుంది. 2012లో పవన్ కళ్యాణ్ సినిమా ఒకదానిలో కథానాయకుడు తన తిక్కకు ఒక లెక్క ఉన్నదని చెప్పుకున్న తరువాత, కుర్రాళ్లు తమకు తాముగా తిక్క ఉన్నదని గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. అంతకుముందు నేను ఆ మాటను ఇతరుల గురించి అనడమే విన్నాను. మీ గురువు గారు లెక్కల మాస్టారు కావడం వల్ల ఇప్పటి పిల్లలు ఆ శీర్షికను చూసి ముందు ఆ డైలాగునే తలచుకుంటారు, అది మీకు ఇష్టమో కాదో ఆలోచించుకోండి.

ఓరుగల్లు వైపు మా అమ్మమ్మ మాత్రం తిక్కలోడు అంటే నిజంగానే కోపంగా అన్నట్టు. ఇష్టంగా అనాలంటే ఎడ్డోడు అనేది. మరీ మితిమీరితే ‘ఎర్రగడ్డకు పంపాలె’ అనేవారు ఇంట్లో అందరూ.

—

రాత్రి డ్యూటీ (జవాబు):

చార్మినార్ నీడ గారి చివరి వాక్యం గురించి మాత్రమే రాస్తున్నాను. నేను మానసిక చికిత్సాలయంలో నర్సుగా పని చేశాను. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు, మద్రాసులో కీల్పాక్, ఈ మూడూ ఆసుపత్రులున్న పేటల పేర్లు, తెలుగువారు మూడింటినీ వేళాకోళంగా వాడగా విన్నాను. దాని ఫలితం ఏమిటంటే, మా దగ్గరికి వచ్చే రోగి వెంట ఉన్న బంధువు ఆటోవాడికి ఆసుపత్రి పేరు చెప్పడు, దగ్గరలో ఉన్న బస్సు స్టాపు పేరో సినిమా హాలు పేరో చెప్పి, అక్కడ దిగి నడుచుకుంటూ వస్తాడు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి గౌరవం గురించి ఎంత వివరంగా చెప్పినా, ఆ నడక తగ్గినట్టు నాకు కనిపించలేదు.

ప్రశ్న అడిగినవారికి చెప్పేది ఇంతే. పిచ్చి, మెంటల్ అనే మాటలు జబ్బు పేరుకు బదులుగా వాడుకలో ఉన్నాయి కనుక, వాటిని ఆరోగ్యంగా ఉన్న వింత మనిషికి తగిలిస్తే అటు రోగికీ ఇటు మనిషికీ అన్యాయం జరుగుతుంది. తిక్క ఉన్నదని చెప్పి ఎవరినీ మా వార్డుకు తీసుకురాగా నేను చూడలేదు. మీ మాస్టారికి ఆ మాటే మేలు.

—

మడకశిర దారి (జవాబు):

మా ఊరు కర్ణాటక సరిహద్దు. మా ఇంట్లో తెలుగు, అంగడిలో కన్నడం. కన్నడంలో తిక్కలు అనే మాట ఉన్నది, మనం తిక్క అనే అర్థంలోనే వాడతారు, వింతగా ప్రవర్తించేవాడిని తిక్కల అంటారు. తెలుగులో తిక్కలోడు, తిక్కలది అన్నప్పుడు మధ్యలో వినిపించే ఆ ‘ల’ మాకు అందువల్ల కొత్తగా అనిపించదు. అనంతపురం జిల్లాలో ఈ మాట ఇంత ధారాళంగా, ఇంత మెత్తగా నడవడానికి రెండు భాషలూ పక్కపక్కనే ఉండడం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. రెండు వైపుల నుంచీ రోజూ వినే మాటకు పదును ఎక్కువ కాలం నిలవదు.

పనిలో పనిగా ఒక సందేహం. ఈ మాట ఎత్తితే చాలు, మా కుర్రవాళ్లు ‘మరి తిక్కన సోమయాజికి ఆ పేరెందుకు పెట్టారు’ అని నవ్వుతారు. వారికి ఏమని చెప్పాలి?

—

బడిపలక (జవాబు):

తరగతిలో ప్రతి సంవత్సరం వెనక బెంచీ నుంచి వచ్చే ప్రశ్నే ఇది, కనుక జవాబు సిద్ధంగానే ఉంది. పదమూడవ శతాబ్దంలో నెల్లూరు సీమలో తిక్క అనేది మర్యాద గల పేరు. కవి తిక్కన ఉన్నాడు, యుద్ధంలో పేరు పొందిన ఆయన బంధువు ఖడ్గ తిక్కన ఉన్నాడు, వారు కొలిచిన మనుమసిద్ధి తండ్రి పేరే తిక్క భూపాలుడు. ఆ రాజును తమిళ శాసనాలు తిరుక్కాళత్తిదేవుడు అంటాయి. తిరుక్కాళత్తి అంటే మన శ్రీకాళహస్తి. రాజుగారి పేరు వెనక ఉన్నది కాళహస్తి దేవుడు కనుక, ఆ పేరు పెట్టుకున్నవారి మీద కుర్రవాళ్ల నవ్వు చెల్లదు. వినడానికి ఒకటే అయినంత మాత్రాన ఒకే మాట కానక్కర లేదని చెప్పండి. నేను చెప్పినా వారు నవ్వడం మానలేదు, అది వేరే సంగతి.

—

పెన్నేటిగట్టు (ప్రశ్న అడిగినవారు):

అందరికీ నమస్కారాలు. మీ జవాబులన్నీ ప్రూఫులు చూస్తున్న మిత్రుడికి చదివి వినిపించాను. లంకపల్లె గారు చెప్పిన కోపం సంగతి వినగానే, తన అభ్యంతరం సరిగ్గా అదేనని, తెనాలిలో తన చిన్నాన్నకు తిక్క రేగినప్పుడు ఇంటిల్లిపాదీ డాబా ఎక్కేవారని అన్నారు. అందువల్ల వ్యాసం మొదటి పేరాలోనే, కోస్తా పాఠకుల కోసం, మా వైపు తిక్క అంటే కోపం కాదని సైకిలు కథతో చెప్పాలని నిర్ణయించాము. చాదస్తం అనే మాటను వాడడం లేదు. పదికి పదకొండు వేసిన కథ చదివినవారు ఆయనది చాదస్తమని ఎలాగూ ఒప్పుకోరు.

కుటుంబం సంగతి ఊహించుకుంటూ కూర్చోవడం ఎందుకని, నిన్న సాయంత్రం అయ్యోరి కూతురికి ఫోను చేసి వ్యాసం మొత్తం చదివాను. ఆమె బెంగుళూరులో ఉంటున్నారు. శీర్షిక చదివినప్పుడు అటువైపు కాసేపు ఏమీ వినిపించలేదు, నొచ్చుకున్నారేమో అనుకున్నాను. తరువాత నవ్వి, “ఇంట్లో మాయమ్మ గూడా అట్లనే పిలుస్తాండె, పేరు మారిస్తే ఇదెవురి గురించో అనుకుంటారు” అన్నారు. అయితే రెండు తప్పులు దిద్దారు. బడికి వారి ఊరు మూడు మైళ్లు కాదట, నాలుగు. సాయంత్రం సైకిలును ఖాళీగా నడిపించేవారు కాదట, దారిలో సంత నుంచి వచ్చే ముసలివాళ్ల మూటలను దాని మీద పెట్టుకుని వెళ్లేవారట. మరి విడుపు ఇచ్చినట్టు ఎలా అవుతుందని నేను అడిగితే, ఆ ప్రశ్న తానూ చిన్నప్పుడు అడిగానని, మనిషి బరువు వేరు, మూట బరువు వేరు అని ఆయన చాలా సీరియస్‌గా చెప్పారని అన్నారు.

ఇప్పుడు మిగిలిన తగువు ఒక్కటే. శీర్షికను మాటలో ఉన్నట్టు ‘తిక్కయ్యోరు’ అని వేయాలా, విడదీసి ‘తిక్క అయ్యవారు’ అని వేయాలా అన్నది ప్రూఫు మిత్రుడికీ నాకూ ఇంకా తెగలేదు. శీర్షికలో మొదటిది, లోపల రెండవది అని ఈ రాత్రికి రాజీ పడ్డాము.